ఉక్కపోతలో కుందేలు: విటమిన్ సీసా ఎంతవరకు?

అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో మే నెల మధ్యాహ్నం థర్మామీటరు 34 డిగ్రీలు చూపిస్తే ఊళ్లో జనం ‘ఇవాళ కాస్త నయం’ అనుకుంటారు. కుందేళ్ల షెడ్డులో ఆ మాట చెల్లదు. ఇక్కడ ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ప్రమాదం. ఈజిప్టులోని జగాజిగ్ విశ్వవిద్యాలయానికి చెందిన మరాయ్, ఆయన సహచరులు కుందేళ్ల కోసం ప్రత్యేకంగా వేడినీ తేమనూ కలిపి ఒక సూచిక తయారుచేసి 2001లో ప్రకటించారు. దాని ప్రకారం 27.8 లోపు ఉంటే కుందేలుకు వేడి బాధ లేదు. 28.9 దాటితే తీవ్రం, 30 దాటితే అతి తీవ్రం. ఆ సూత్రంలో 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ వేసి చూస్తే 32 పైన తేలుతుంది. పొడిగాలి వీచే చోట 20 శాతం తేమతో 38 డిగ్రీలు కాసిన రోజుకు కూడా దాదాపు అదే అంకె వస్తుంది. రాత్రి సంగతి ఇంకా ఘోరం. తేమ 75 శాతం ఉంటే 29 డిగ్రీల దగ్గరే 27.8 గీత దాటిపోతుంది. పగలు పడ్డ బాధ నుంచి తేరుకోవడానికి రాత్రయినా వ్యవధి దొరకదు. పొడి ప్రాంతంలో నీటి తుంపరలు చిమ్మి షెడ్డును చల్లబరిచే ఫాగర్, ఉక్కపోత రోజున ఇక్కడ ఉన్న తేమకు మరికొంత తేమ చేర్చి ఊరుకుంటుంది.

కుందేలు శరీరం ఈ వాతావరణం కోసం పుట్టింది కాదు. దానికి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. పనికొచ్చే స్వేదగ్రంథులు దానికి దాదాపు లేవు. ఒంట్లోని వేడి బయటికి పోవడానికి ఉన్న దారులు రెండే: చెవులు, ఊపిరి. ఒంటి ఉపరితలంలో దాదాపు 12 శాతం చెవులదే. వేడి పెరిగేకొద్దీ చెవుల్లో రక్తనాళాలు వెడల్పవుతాయి, కుందేలు గూటి అడుగున బారజాపుకుని పడుకుంటుంది, ముక్కుపుటాలు అదురుతూ ఊపిరి వేగం పుంజుకుంటుంది. గాలి 35 డిగ్రీలు దాటితే ఈ ఉపాయాలూ పారవు. చెవి పట్టుకుంటే కాలుతున్నట్టు ఉండి, ముక్కు చుట్టూ తడి కనిపించి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచి పీలుస్తోందంటే అప్పటికే ఆలస్యమైంది. ఆ దశలో దాణాలో ఏ మందు కలిపినా ఉపయోగం లేదు, ఎందుకంటే అది దాణా ముట్టదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వేడిలో కుందేలు మేత తగ్గిస్తుంది. మేత తగ్గితే మేతతో అందాల్సిన విటమిన్లూ ఖనిజాలూ తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే కణాల్లో వాటి ఖర్చు పెరుగుతుంది. కణంలో శక్తి పుట్టించే మైటోకాండ్రియా వేడి దెబ్బకు అదుపు తప్పితే, కట్టెలు సరిగా మండని పొయ్యి పొగ చిమ్మినట్టు, ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర కణికలు ఎక్కువవుతాయి. అవి ముందుగా కణపొరల్లోని కొవ్వును పాడుచేస్తాయి. చెడిన కొవ్వు గుర్తుగా రక్తంలో మాలోన్‌డైఆల్డిహైడ్ పెరుగుతుంది, హానికర కణికలను చల్లార్చే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, గ్లూటాతియోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు అలసిపోతాయి. మరోవైపు ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లితే పేగుకు అందే రక్తం తగ్గి, పేగు గోడ బిగువు సడలి, లోపలి విషాలు ఒంట్లోకి జారతాయి. వేసవిలో పిల్లలు ఎదక్కపోవడం, ఆడ కుందేళ్లు కట్టకపోవడం, పాలు తగ్గడం, చిన్న రోగానికే పోవడం వెనుక వేడితోపాటు ఈ రసాయన గొడవ కూడా ఉందనడంలో సందేహం లేదు. ఆ హానికర కణికలను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్లు ఈ గొడవను ఎంతవరకు సర్దుబాటు చేస్తాయి, ఎవరికి, ఎప్పుడు అన్నదే చూడాల్సింది.

తెలుగు నేల మీద కుందేళ్ల పెంపకం కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న రోజుల్లోనే ఇక్కడి పశువైద్య కళాశాలల్లో న్యూజిలాండ్ వైట్, కాలిఫోర్నియన్, ఫ్లెమిష్ జెయింట్ వంటి విదేశీ జాతులతోపాటు ఏపీఏయూ ఫాన్, ఏపీఏయూ బ్లాక్ అని విశ్వవిద్యాలయం పేరే పెట్టిన రకాల మీద కూడా పరిశోధనలు జరిగాయి. తమిళనాడులో కొడైకెనాల్ కొండ మీది మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి కేంద్రం వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా జాతులను పెంచి రైతులకు ఇస్తోంది. గమనించండి, దేశంలో కుందేళ్ల పనికి పేరున్న చోట్లు చాలావరకు చల్లటి చోట్లే. మన్నవనూరు చలికి పెరిగిన కుందేలును మైదానంలో సిమెంటు రేకుల కింద పెట్టి, పుస్తకంలో రాసినన్ని ఈతలు రావాలంటే రావు. ‘పిల్లల్ని మేమే తిరిగి కొంటాం’ అనే ఒప్పందాలు నమ్మి యూనిట్లు పెట్టినవాళ్లకు మొదటి వేసవిలోనే ఇది అర్థమవుతుంది. అప్పుడు మందుల షాపుకు పరుగెత్తితే అక్కడ దొరికేది కోళ్ల కోసం తయారైన విటమిన్ సీసా.

పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటికంటే గట్టి నేల మీద నిలబడేది విటమిన్ ఇ. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1977లోనే కుందేలు దాణా కిలోకు 40 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉండాలంది. ఈ విషయంలో కుందేలుకు ఒక ప్రత్యేకత ఉంది. చాలా జంతువుల్లో విటమిన్ ఇ కొరవడితే సెలీనియం కొంత సాయం చేస్తుంది. కుందేలులో ఆ సాయం బహు స్వల్పం, కొవ్వు చెడకుండా కాపాడే భారం ప్రధానంగా విటమిన్ ఇ మీదే పడుతుంది. లోపిస్తే కండరాలు క్షీణిస్తాయి, గర్భాలు నిలవవు, పుట్టిన పిల్లలు చనిపోతాయి. కాలేయానికి కాక్సిడియోసిస్ అనే పరాన్నజీవి రోగం పట్టిన మందలో లోటు మరింత పెరుగుతుంది. వేసవి ప్రయోగాల్లో సాధారణంగా కిలో దాణాకు 100 మిల్లీగ్రాములకు పైగా ఇచ్చి చూస్తుంటారు. రక్తంలో చెడిన కొవ్వు గుర్తులు తగ్గడం, వీర్యం నాణ్యత మెరుగవడం వాటిలో పదేపదే కనిపించే ఫలితం. బరువు పెరగడంలో మాత్రం ఫలితాలు ఒక్క తీరుగా లేవు.

అయితే విటమిన్ ఇ గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర అందరూ వదిలేసే విషయం ఒకటుంది. అది తవుడు. ఇక్కడ చిన్న యూనిట్లలో దాణా అంటే మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, కాస్త ఖనిజ మిశ్రమం. మిల్లులో బియ్యం పాలిష్ పట్టిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. ఉక్కపోతలో కొద్దిరోజులకే పని పూర్తవుతుంది. బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు తవుడు తీసి చూడండి. తాజా తవుడు పొడిగా, కమ్మటి వాసనతో రాలిపోతుంది. చెడింది వేళ్లకు జిడ్డుగా అంటుకుంటుంది, వాసన ముక్కును గుచ్చుతుంది, నాలుకకు తగిలిస్తే చేదు. ఆ చెడిన కొవ్వు దాణాలో కలిపిన విటమిన్ ఇ ని కుందేలు నోటి దాకా రానివ్వకుండా బస్తాలోనే హరిస్తుంది. తాజా తవుడులో సహజంగా విటమిన్ ఇ, ఒరిజనాల్ ఉంటాయి, అంటే మంచి తవుడే ఒక యాంటీఆక్సిడెంటు. వేసవిలో నెల నాళ్ల తవుడు పోస్తూ, నీళ్లలో సీసా మందు కలపడం ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమే. వారానికి సరిపడా తవుడే తెచ్చుకోవాలి. వీల్లేనివాళ్లు నూనె తీసిన తవుడు వాడాలి, కానీ అందులో విటమిన్ ఇ కూడా నూనెతోపాటే పోతుంది కనుక ఆ లోటును విటమిన్లు కలిపిన ప్రీమిక్సుతో పూడ్చుకోవాలి.

వేరుశనగ చెక్క కథా ఇలాంటిదే, ఇంకా ప్రమాదకరం. తడి తగిలిన చెక్కకు పట్టే బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్‌ను తట్టుకోలేని జంతువుల్లో కుందేలు ముందు వరుసలో ఉంటుంది. కిలో బరువుకు 0.3 మిల్లీగ్రాములు నోటి ద్వారా వెళితే సగం కుందేళ్లు చచ్చిపోతాయని పాత విషపరీక్షలు తేల్చాయి. అంతకంటే తక్కువ మోతాదు కూడా కాలేయంలో ఇదే ఆక్సీకరణ నష్టం చేస్తుంది. ‘వేడి దెబ్బ’ అని మనం రాసేసుకునే చావుల్లో కొన్ని చెక్క దెబ్బలని నా నమ్మకం.

విటమిన్ సి సంగతి వేరు. మనిషికీ గినీపిగ్‌కూ అది ఆహారంతోనే రావాలి. కుందేలు తన కాలేయంలో తానే తయారుచేసుకుంటుంది. అందుకే మామూలు రోజుల్లో దానికి బయటి నుంచి అక్కర్లేదు. తీవ్రమైన వేడిలో మాత్రం తయారీ అవసరానికి చాలదన్న వాదన ఉంది, ఈజిప్టు వేసవి ప్రయోగాలు దాన్ని కొంతవరకు బలపరిచాయి. చిక్కల్లా దాన్ని అందించడంలో ఉంది. పెల్లెట్ తయారీలో వేడికి ఇది చాలావరకు నశిస్తుంది, పూత పూసిన రకమైతేనే నిలుస్తుంది. నీళ్లలో కలిపితే వెలుతురుకూ, ఇనుము, రాగి తగిలినచోటా గంటల్లో చప్పబడుతుంది. రేకుల కింద నల్ల పైపులో నిలిచి వేడెక్కిన నీళ్లలో పొద్దున కలిపిన విటమిన్ సి మధ్యాహ్నానికి పేరుకే మిగులుతుంది. ఆ వేడి నీళ్లను కుందేలు ఎలాగూ తాగదు. కాబట్టి ఇది ఏడాది పొడుగునా వాడేది కాదు. వడగాడ్పులు వీచే నాలుగైదు రోజుల్లో, చల్లటి కుండనీళ్లలో అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం మేత వేళ ఇస్తే అర్థముంది.

సెలీనియం విషయంలో నేను గట్టిగానే హెచ్చరిస్తాను. ఇటీవలి పత్రాల్లో సేంద్రియ సెలీనియం, నానో సెలీనియం అంటూ మంచి ఫలితాలు వస్తున్నాయి, వాటిని కొట్టిపారేయను. కానీ సెలీనియంలో అవసరానికీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. షాపులో దొరికే విటమిన్ ఇ, సెలీనియం ద్రావణం సీసా మీద మోతాదు కోళ్ల లెక్కలో, లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లని రాసి ఉంటుంది. వేసవిలో కుందేలు తాగే నీళ్లు మామూలు కంటే బాగా పెరుగుతాయి, పాలిచ్చే తల్లికైతే రోజుకు లీటరు దాటుతుంది. నీళ్లు రెండింతలైతే సెలీనియమూ రెండింతలే. ఎండ ముదిరిన రోజునే మోతాదు మించిపోతుందన్నమాట. సెలీనియం ఇవ్వాలంటే కొలిచి దాణాలో కలిపిన ప్రీమిక్సులోనే ఇవ్వాలి, నీళ్లలో కాదు. కోళ్ల దాణానే కుందేళ్లకు వేసేవాళ్లకు ఇంకో మాట: అందులో కాక్సిడియోసిస్ కోసం కలిపే నరాసిన్ లాంటి మందులు కుందేలుకు విషం.

బీటైన్, జింకు, క్రోమియం, కోఎంజైమ్ క్యూ10, పుప్పొడి, ప్రొపోలిస్, ద్రాక్షగింజల సారం, స్పిరులినా... పత్రాల్లో పేర్లకు కొదవలేదు. వీటిలో బీటైన్, కణాల్లో నీరు నిలపడానికి తోడ్పడుతుంది గనుక, ఉక్కపోత ప్రాంతాలకు పరీక్షించదగ్గది. మిగతావి ఖరీదుకు తగ్గ పని చేస్తాయని చిన్న రైతుకు చెప్పే ధైర్యం నాకు లేదు.

నర్సీపట్నం రైతుకు చేతికందేవి వేరే ఉన్నాయి. మునగాకు ముందు చెప్పాలి. అలెగ్జాండ్రియా పరిశోధకులు వేడిలో ఉన్న మగ కుందేళ్లకు మునగాకు సారం ఇచ్చి వీర్యంలో మెరుగుదల చూశారు, నైజీరియాలో ఆకు పొడిని దాణాలో కలిపి పెంచి చూశారు. నీడన ఆరబెట్టిన ఆకులో నూటికి పాతిక వంతుల దాకా మాంసకృత్తులు, పుష్కలంగా కెరోటిన్, క్వెర్సెటిన్ ఉంటాయి. అంటే ఇది మందు కాక ముందు మంచి మేత. ఎండ మొహం చూపిస్తే కెరోటిన్ ఎగిరిపోతుంది కనుక నీడ ముఖ్యం. సుబాబుల్ ఆకు మీద ఆశపడి ఎక్కువ వేస్తే అందులోని మైమోసిన్ జుట్టు రాల్చేస్తుంది. మునగకు ఆ బెడద లేదు.

పసుపు ఇంకొకటి. చింతపల్లి, పాడేరు కొండల మీద గిరిజనులు పండించే పసుపు నర్సీపట్నం మీదుగా కూడా మైదానానికి దిగుతుంది. అందులోని కర్క్యుమిన్ పరీక్షనాళికలో మహా చురుకైనది, పేగులో మాత్రం సరిగా ఇంకదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మిరియాలలోని పైపరిన్ కలిపి ఇస్తే మనుషుల్లో దాని శోషణ 20 రెట్లు పెరిగిందని చూపించారు. అదే కొండల మీద కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, కాబట్టి ఈ జోడీని కుందేలులో పరీక్షించడం ఇక్కడివాళ్లకు సులువు. జాగ్రత్త ఒకటే: పైపరిన్ ఇతర మందుల శోషణను కూడా పెంచుతుంది, కాక్సిడియోసిస్ మందు నడుస్తున్న రోజుల్లో కలపకూడదు. సంతలో మెరిసే పొడి కొనొద్దు, రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ పసుపులో పాతదే. కొమ్ము కొని దంచుకోవడం మేలు. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో ఉసిరి కూడా ఉంది. కానీ విటమిన్ సి తానే చేసుకునే జంతువుకు ఉసిరి అవసరం తక్కువ, అందులోని టానిన్లు ఎక్కువైతే మాంసకృత్తుల జీర్ణాన్ని దెబ్బతీస్తాయి.

యాంటీఆక్సిడెంట్లు నిజంగా కష్టానికి ఫలం ఇచ్చేది ఎక్కడ అంటే మగ కుందేలు దగ్గర. వీర్యకణం పొరలో చెడిపోయే గుణమున్న కొవ్వు ఆమ్లాలు మెండు, దాన్ని కాపాడుకునే ఎంజైములు కొద్ది. ఇటలీలోని పెరూజియా విశ్వవిద్యాలయంలో కాస్తెల్లినీ బృందం విటమిన్ ఇ, విటమిన్ సి కలిపి మేపి, నిల్వ ఉంచిన వీర్యం ఆక్సీకరణను మెరుగ్గా తట్టుకుంటుందని చూపింది. ఇక్కడ కాలం లెక్క అతి ముఖ్యం. వీర్యకణం తయారవడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది, బయటికి రావడానికి మరికొన్ని రోజులు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో తగిలిన దెబ్బ జూలైలో, వానలు పడి చల్లబడ్డాక బయటపడుతుంది. ‘చల్లబడింది కదా, ఇంకా ఎందుకు కట్టడం లేదు’ అని ఆడ కుందేళ్లను మార్చేస్తారు. తప్పు వాటిది కాదు. మే నెలలో దెబ్బ తినకూడదంటే ఉగాది నాటికే మగ కుందేలు దాణాలో విటమిన్ ఇ, మునగాకు మొదలై ఉండాలి. పది ఆడ కుందేళ్లకు ఒకటో రెండో మగవి గనుక ఖర్చు కూడా అంతంతే. మంద మొత్తానికి సీసా తెచ్చే డబ్బుతో మగవాటికి వేసవి పొడుగునా సరైన మోతాదు ఇవ్వొచ్చు, వాటి గూళ్లను షెడ్డులో అన్నిటికంటే చల్లటి మూలకు మార్చొచ్చు.

ఈ పరిశోధనల బలహీనతలు కూడా చెప్పాలి. చాలా ప్రయోగాలు చిన్న గుంపుల మీద, కొద్ది వారాలు చేసినవి. వేసవిలో మందు ఇచ్చినవీ ఇవ్వనివీ పోల్చారే గాని చల్లటి గదిలో ఉంచిన మూడో గుంపు చాలావాటిలో లేదు. అది లేకపోతే వేడి వల్ల పోయిన దానిలో మందు ఎంత వెనక్కి తెచ్చిందో తెలియదు. రక్తంలో ఎంజైము పెరిగిందంటారు, మాన్పించే నాటికి ఎన్ని పిల్లలు బతికాయో చెప్పరు. రైతుకు కావలసింది ఆ రెండోదే. అసలు దాణాలోనే విటమిన్ ఇ తక్కువైనప్పుడు, కలిపితే మెరుగుపడటం వేడికి విరుగుడా, లోటు పూడ్చడమా అని విడదీయడం కష్టం. పైగా ఈజిప్టు కుందేలు బర్సీం, లూసర్న్ ఎండుగడ్డి తింటుంది, మన కుందేలు తవుడు, చిలగడదుంప తీగ, దశరథ గడ్డి తింటుంది. అక్కడి మోతాదును ఇక్కడ అచ్చుగుద్దడం సరికాదు.

ఒక్క విషయంలో మాత్రం పత్రాలన్నీ చదివాక నాకు అనుమానం మిగల్లేదు. వేడి తగ్గించకుండా ఇచ్చిన యాంటీఆక్సిడెంటు నష్టంలో కొంత భాగాన్నే పూడుస్తుంది. రేకుల మీద సున్నం, పైన తాటాకు లేదా ఆనప తీగ, నీళ్ల పైపుకు నీడ, మధ్యాహ్నం మేత మానేసి సాయంత్రం, తెల్లవారుజామున వేయడం, వడగాడ్పు రోజున గడ్డకట్టిన నీళ్ల సీసాను గూటిలో పెట్టడం: వీటి తర్వాతే సీసా మందు సంగతి.

ఇక్కడి సమాధానం ఇక్కడే వెతకాలి. దానికి నర్సీపట్నం కంటే అనువైన చోటు రాష్ట్రంలో అరుదు. ఘాట్ రోడ్డెక్కితే గంటకు అటూఇటూగా లంబసింగి, ఆ పైన చింతపల్లి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, మైదానం ఉడికిపోయే నెలలో కూడా అక్కడ గాలి చల్లన. ప్రయోగాల్లో లేదన్న ఆ మూడో గుంపుకు ఏసీ గది అక్కర్లేదు, కొండే ఉంది. ఒకే తల్లుల పిల్లలను, ఒకే దాణాతో, మార్చి నుంచి ఆగస్టు దాకా మూడు గుంపులుగా పెంచాలి: లంబసింగిలో మందు లేకుండా, నర్సీపట్నంలో మందు లేకుండా, నర్సీపట్నంలో విటమిన్ ఇ, మునగాకుతో. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. రక్తపరీక్షలు తర్వాత సంగతి. కట్టిన ఈతలెన్ని, ఈతకు బతికిన పిల్లలెన్ని, తల్లి నుంచి వేరుచేసే నాటి బరువెంత, జూలైలో మగవాటి వీర్యం ఎలా ఉంది, ఒక్కో పిల్లకు మందు ఖర్చెంత అనే అయిదు లెక్కలు ఒక వేసవి పాటు నిజాయితీగా రాస్తే, షాపు బల్ల మీద సీసా తిప్పి చూస్తున్న రైతుకు కొనాలో వద్దో చెప్పగలుగుతాం.